‘ప్రతి ఒక్కరూ వచ్చారు’ అయితే ‘ఎవ్రీవన్ హ్యావ్ కమ్’ ఎందుకు కాదు?

మొదటి పోస్టు

అందరికీ నమస్కారం. ఇది తెలుగు గ్రూపు, ఇంగ్లిష్ గ్రామరు గొడవ ఇక్కడెందుకు అని అడ్మిన్ గారు పోస్టు లేపేసినా నేనేమీ అనుకోను, కానీ చివరిదాకా చదవండి, ఇది సగం తెలుగు గొడవే.

మా పాప ఏడో తరగతి, చదివేది అమ్మాయిల బడి. మొన్న యూనిట్ టెస్టు పేపరు ఇంటికి తెచ్చింది. ఖాళీలు పూరించే ప్రశ్న ఒకటి ఉంది: ‘ఎవ్రీవన్ డ్యాష్ బ్రాట్ డ్యాష్ టిఫిన్ బాక్స్’. పాప మొదటి ఖాళీలో ‘హ్యావ్’, రెండో ఖాళీలో ‘దెయిర్’ రాసింది. టీచరు రెండూ అడ్డంగా కొట్టేసి పైన ఎర్ర ఇంకుతో ‘హ్యాజ్’, ‘హిజ్’ అని రాశారు. రెండుకి సున్నా.

రాత్రి అన్నం తింటూ అడిగింది, “నాన్నా, మా క్లాసులో అబ్బాయే లేడు కదా, ఈ ‘హిజ్’ ఎవడిది?” అని. దానికి నా దగ్గర సమాధానం లేదు. పోనీ మొదటిదైనా చెబుదామని, “ఎవ్రీవన్ అంటే సింగులర్ అమ్మా, అందుకని హ్యాజ్” అన్నాను. “ఎవ్రీవన్ అంటే ప్రతి ఒక్కరూ కదా. ప్రతి ఒక్కరూ తెచ్చారు అంటాం గానీ ప్రతి ఒక్కరూ తెచ్చింది అనం కదా!” అంది. పప్పు కలుపుకుంటూ ఆగిపోయాను. ఇరవై ఏళ్ళుగా ఆఫీసులో ఇంగ్లిష్ మెయిళ్ళు రాస్తున్నా గానీ హ్యాజ్ ఎందుకో నాకూ తెలియదు, చిన్నప్పుడు బెత్తం దెబ్బలు తిని అలవాటైపోయింది, అంతే.

తెలిసినవాళ్ళు ఎవరైనా చెప్పండి. ఒకటి, ప్రతి ఒక్కరూ అన్నప్పుడు మనం బహువచనం క్రియ వాడి వాళ్ళు ఏకవచనం ఎందుకు వాడతారు? రెండు, ఆ ‘హిజ్’ కి పోయిన మార్కు న్యాయమేనా?

కామెంటు, పోటీ పరీక్షలకు చదువుతున్న కుర్రాడు

అన్నా, ఎక్కువ ఆలోచించొద్దు. ఎవ్రీ, ఈచ్, ఐదర్, నైదర్, ఎనీవన్, సమ్‌వన్, నోబడీ, ఏది కనిపించినా కళ్ళు మూసుకుని హ్యాజ్, ఈజ్, డస్. మా కోచింగ్‌లో ఇదే చెప్పారు. లాజిక్ వెతికితే డీఎస్సీలో టైం సరిపోదు.

కామెంటు, హన్మకొండ నుంచి, రిటైరైన ఇంగ్లిష్ టీచరు

తమ్ముడూ, పరీక్షకి నీ మాట సరిపోతుంది, ఆ పాప ప్రశ్నకి సరిపోదు. ముప్పై ఏళ్ళు ఇదే పాఠం చెప్పాను, ఇదే తప్పు కొన్ని వేలసార్లు దిద్దాను. అది పిల్లల అజాగ్రత్త వల్ల వచ్చే తప్పు కాదని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. వాళ్ళకి తెలుగు బాగా వచ్చు కాబట్టే ఆ తప్పు వస్తుంది.

ముందు ‘ప్రతి’ సంగతి చూద్దాం. ప్రతి విద్యార్థీ వచ్చాడు, ప్రతి బస్సూ ఆగింది, ప్రతివాడూ అడిగాడు, ప్రతిదీ కావాలంటుంది. అన్నీ ఏకవచనమే, ఇంగ్లిష్ ‘ఎవ్రీ’ లాగే. అంటే దోషం ప్రతిది కాదు, దాని పక్కనున్న ‘ఒక్కరూ’ది, ఇంకా చెప్పాలంటే ఆ చివరి ‘రు’ది. ‘ప్రతి’ తీసేసి చూడండి, ఒకరు వచ్చారు. వచ్చింది ఒక్క మనిషే, లెక్కపెట్టి మరీ ‘ఒకరు’ అని చెబుతున్నాం, అయినా క్రియ మాత్రం ‘వచ్చారు’. మనకి ఇది ఎంత అలవాటంటే వింతగా కూడా అనిపించదు.

ఎందుకలా? ‘వచ్చాడు’ అంటే మగవాడని తేలిపోతుంది. ‘వచ్చింది’ అంటే ఆడమనిషో, ఆవో, బస్సో. తెలుగులో క్రియ తోకలోనే ఆడా మగా ఉంది. తలుపు ఎవరో కొట్టారు, ఎవరో తెలియదు, అప్పుడేమంటాం? ఎవరో కొట్టాడు అంటే మగవాడని ముందే తేల్చేసినట్టు, ఎవరో కొట్టింది అంటే ఆడమనిషని తేల్చేసినట్టు. అందుకని ఏదీ తేల్చని ‘రు’ దగ్గరికి పారిపోతాం. ఎవరో వచ్చారు, ఒకరు అడిగారు, ప్రతి ఒక్కరూ తెచ్చారు. ఆ ‘రు’ అక్కడ చాలామంది అని చెప్పడానికి రాలేదు, ఆడా మగా చెప్పకుండా తప్పించుకోవడానికి వచ్చింది.

ఇప్పుడు ఇంగ్లిష్ చూడండి. ‘హ్యాజ్’ అంటే ఆడా మగా ఏమైనా తెలుస్తుందా? తెలియదు. హి హ్యాజ్, షి హ్యాజ్, ఇట్ హ్యాజ్. క్రియలో లింగం లేనే లేదు కాబట్టి అక్కడి నుంచి పారిపోవాల్సిన పని వాళ్ళకి లేదు. ఎవ్రీవన్‌లో ‘వన్’ కనిపిస్తూనే ఉంది, ఎవ్రీబడీలో ‘బడీ’ అంటే ఒక శరీరం, ఎవ్రీథింగ్‌లో ‘థింగ్’ ఒక వస్తువు. ఆ మాట ఒకటి కాబట్టి హాయిగా హ్యాజ్ పెట్టుకుంటారు. వాళ్ళకి ఇబ్బంది ఎక్కడొస్తుందంటే ‘తమ టిఫిన్ బాక్స్’ అనాల్సిన చోట. హిజ్ అనాలా, హర్ అనాలా? ఇంగ్లిష్‌లో ఆడా మగా దాక్కున్నది సర్వనామంలో. అక్కడ వాళ్ళూ మనలాగే బహువచనం దగ్గరికి పారిపోతారు: ‘దెయిర్’.

అంటే పాప రాసిన ‘ఎవ్రీవన్... దెయిర్’, మనం అనే ‘ప్రతి ఒక్కరూ... తెచ్చారు’, రెండూ ఒకటే ఉపాయం. మనం క్రియలో తప్పించుకుంటాం, వాళ్ళు సర్వనామంలో తప్పించుకుంటారు. పాప ఇంగ్లిష్ ఉపాయాన్ని సరిగ్గానే వాడింది, దానికి తోడు అలవాటుకొద్దీ తెలుగు ఉపాయాన్ని కూడా క్రియ మీద వేసింది. నేనైతే రెండుకి ఒకటి వేసేదాన్ని.

కామెంటు, మొదటి పోస్టు పెట్టినవారు

మేడమ్ గారూ, పాపని పక్కన కూర్చోబెట్టుకుని చదివి వినిపించాను. ‘ఒకరు వచ్చారు’ దగ్గర “ఓహ్!” అంది. నేనైతే ఇంకా అక్కడే ఉన్నాను. నలభై ఐదేళ్ళుగా మాట్లాడుతున్న భాష ఇది!

కామెంటు, కరీంనగర్ నుంచి

మా దిక్కు సారు వస్తే కూడా ‘సారొచ్చిండు’ అంటం, మర్యాద తక్కువేం కాదు. కోస్తా నుంచి వచ్చిన మా అల్లుడు మొదట్ల ‘మామయ్య గారు వచ్చిండా’ అని నవ్విండు, ఇప్పుడు ఆయనే అంటుండు. కానీ ‘ఒకరొచ్చిండ్రు’ మాత్రం మాకూ అదే. మేడమ్ చెప్పింది కరెక్ట్, అది మర్యాద కాదు, ఎవరో తెల్వక.

కామెంటు, పోటీ పరీక్షలకు చదువుతున్న కుర్రాడు

మేడమ్, అయితే ఒక డౌటు. మా మెటీరియల్‌లో క్వశ్చన్ ట్యాగ్స్ కింద ‘ఎవ్రీబడీ నోస్ హిమ్, డోంట్ దే?’ అని ఉంది. ‘నోబడీ కేమ్, డిడ్ దే?’ అని కూడా. అదే మెటీరియల్‌లో ఇంకో పేజీలో ‘ఎవ్రీబడీ మస్ట్ డూ హిజ్ డ్యూటీ’ అని ఉంది. ఇప్పటిదాకా రెండూ బట్టీ కొట్టాను గానీ రెండూ కొట్టుకుంటున్నాయని ఇవాళే తట్టింది.

కామెంటు, రిటైరైన టీచరు

భలే పట్టావు నాయనా. ట్యాగులో ‘డజ్ంట్ హి’ అని ఏ మాస్టారూ రాయరు, చెవికి అంత దారుణంగా ఉంటుంది. కానీ వాక్యం మధ్యలో మాత్రం అదే మాస్టారికి ‘దెయిర్’ కనిపిస్తే ఎర్ర పెన్ను లేస్తుంది. ‘నోస్’ లో ఏకవచనం, కామా దాటగానే ‘డోంట్ దే’ లో బహువచనం, రెండూ ఒకే వాక్యంలో, ఒకే ఎవ్రీబడీ గురించి. ఒప్పుకున్న చోట ఒప్పుకుని, ఒప్పుకోని చోట మార్కు కొయ్యడం నాకు నచ్చదు.

ఇంకో సంగతి. మనవాళ్ళు ‘హి డోంట్ నో’ అంటారు చూశారా, దాని వెనక కూడా మన భాషే ఉంది. నేను రాలేదు, నువ్వు రాలేదు, వాడు రాలేదు, వాళ్ళు రాలేదు. కాదంటే తెలుగు క్రియ ఎవరికీ వంగదు. తెలుసు, తెలియదు, కావాలి, వద్దు కూడా అంతే, నాకు తెలియదు, వాడికి తెలియదు, ఊరందరికీ తెలియదు. వ్యతిరేకంలో క్రియ కదలకుండా ఉండటం అలవాటైన పిల్లవాడికి ‘డోంట్’ ఒక్కటి చాలదా, ‘డజ్ంట్’ ఎందుకు అనిపిస్తుంది. తిట్టి నేర్పించాక ఇంకో పక్కకి దూకుతాడు, ‘హి డజ్ంట్ నోస్’ అంటాడు. ఆ ‘ఎస్’ అనేది బస్సు టికెట్టు లాంటిది రా, ఒక్కరు తీస్తే చాలు, డస్ తీసేసింది కాబట్టి నో ఊరికే ఎక్కొచ్చు అని చెప్పేదాన్ని. పిల్లలకి ఎక్కేది.

కామెంటు, రాజమండ్రి నుంచి

మేడమ్ గారికి నమస్కారం, చిన్న సవరణ. వ్యతిరేకంలో తెలుగు క్రియ ఎవరికీ వంగదు అనడం పూర్తిగా నిజం కాదు. జరిగిపోయినదానికి ‘రాలేదు’ ఒక్కటే గానీ, జరగబోయేదానికి రాను, రావు, రాడు, రాదు, రాము, రారు అని ఎంచక్కా వంగుతుంది. పైగా తెలుగులో క్రియే కాదు, నామవాచకాలు కూడా వంగుతాయి. నేను తెలుగువాణ్ణి, నువ్వు మంచివాడివి, మేము రైతులం. ఇంగ్లిష్‌లో ‘వి ఆర్ ఫార్మర్స్’ అంటే ఫార్మర్స్‌లో ‘మేము’ ఎక్కడా ఉండదు, మన ‘రైతులం’లో ఉంది. ఇంత వంచే భాష మాట్లాడుకుంటూ ఒక్క ‘ఎస్’ దగ్గర తడబడటం ఏమిటో!

కామెంటు, రిటైరైన టీచరు

ఒప్పుకున్నానండీ, తొందరపడ్డాను. ‘రాను, రాడు’ మర్చిపోతే మా తెలుగు మాస్టారు స్వర్గం నుంచి దిగొచ్చి బెంచీ ఎక్కిస్తారు.

తడబాటుకి కారణం ఇంకొకటి కూడా ఉంది, అది పదాల వరస. మన ఆఫీసుల్లో అందరికంటే ఎక్కువగా జరిగే తప్పు ఏదో తెలుసా? ‘వన్ ఆఫ్ మై ఫ్రెండ్స్ ఆర్ కమింగ్’. తెలుగులో ఇదే వాక్యం చెప్పండి: నా స్నేహితుల్లో ఒకడు వస్తున్నాడు. ‘ఒకడు’ సరిగ్గా క్రియకి ఆనుకుని కూర్చున్నాడు, తప్పు చేద్దామన్నా కుదరదు. ఇంగ్లిష్‌లో ఆ ‘వన్’ ముందెక్కడో ఉండిపోయి, క్రియ పక్కన ‘ఫ్రెండ్స్’ వచ్చి కూర్చుంటారు. పక్కన ఎవరుంటే వాళ్ళతో మాట కలపడం క్రియకి కూడా మనుషుల్లాగే అలవాటు, అందుకే ఇంగ్లిష్ పుట్టుకతో వచ్చినవాళ్ళు కూడా ఈ తప్పు చేస్తారు. ‘ఈచ్ ఆఫ్ ద బాయ్స్’, ‘నైదర్ ఆఫ్ దెమ్’ అన్నీ ఇదే బాపతు. ‘నన్ ఆఫ్ దెమ్’ ఒక్కదానికి మాత్రం ఈజ్, ఆర్ రెండూ చెల్లుతాయి, అక్కడ ఎవరినీ దిద్దొద్దు.

మనవాళ్ళు ఇందులో ఇంకో తప్పు కలుపుతారు, ‘వన్ ఆఫ్ మై ఫ్రెండ్’ అని. ఎలాగూ ఒకడే కదా అని ఫ్రెండ్‌ని కూడా ఒకణ్ణి చేసేస్తారు. ‘నా స్నేహితుడిలో ఒకడు’ అంటామా? వాడి లోపల ఇంకొకడు ఉన్నట్టు!

కామెంటు, హైదరాబాద్, ఐటీ ఉద్యోగి

మేడమ్, మంచి సమయంలో వచ్చింది ఈ చర్చ. మా టీమ్‌లో అమెరికా నుంచి పనిచేసే ఒకరు మెయిల్ సంతకం కింద తమ సర్వనామం ‘దే’ అని రాసుకుంటారు, హి కాదు షి కాదు. నేను మెయిల్లో ‘దే ఈజ్ ఆన్ లీవ్ టుడే’ అని రాశాను. ఒక్క మనిషే కదా, సింగులర్ కదా, ఈజ్ అనే లాజిక్‌తో. మా మేనేజరు పక్కకి పిలిచి ‘దే ఆర్’ అని రాయాలన్నారు. ఒక్కళ్ళకి ‘ఆర్’ ఏమిటో అని నాకు ఇప్పటికీ లోపల ఓ మూల ఇబ్బందిగానే ఉంది.

కామెంటు, మచిలీపట్నం నుంచి

బాబూ, మీ నాన్నగారు ఆఫీసు నుంచి వచ్చారనుకో. ఆయన ఒక్కరే. ‘వారు వచ్చాడు’ అంటావా? అనవు. ‘మీరు తిన్నావా’ అంటావా? అంటే ఇంట్లో నవ్వుతారు. క్రియ తలకాయలు లెక్కపెట్టదు, ముందున్న మాట ఏ రూపంలో ఉందో చూస్తుంది. ‘వారు’ అన్నావా, మనిషి ఒక్కరైనా ‘వచ్చారు’. ‘దే’ అన్నావా, మనిషి ఒక్కరైనా ‘ఆర్’. ఇక ‘యు ఆర్’ అంటున్నావు కదా రోజూ, ఎదురుగా ఒక్కడే ఉన్నా. అక్కడ ఎప్పుడైనా ఇబ్బంది పడ్డావా?

ఒక్క తేడా గుర్తుపెట్టుకో. తెలుగులో ‘ప్రిన్సిపాల్ గారు వచ్చారు’ అని పేరుకీ హోదాకీ కూడా బహువచనం అంటుకుంటుంది. ఇంగ్లిష్‌లో పేరుకి అంటుకోదు. ‘అలెక్స్ ఈజ్ ఆన్ లీవ్, దే ఆర్ బ్యాక్ ఆన్ మండే’. పేరు ఉన్నచోట ఈజ్, ‘దే’ ఉన్నచోట ఆర్. పక్కపక్క వాక్యాల్లో ఇలా మారడం చూడ్డానికి కాస్త ఎగుడుదిగుడుగా ఉంటుంది, అలవాటవుతుంది.

ఈ ‘యు’ కథ కొంచెం చెప్పాలి, నాకు చాలా ఇష్టమైన కథ. ఒకప్పుడు ఇంగ్లిష్‌లో మన ‘నువ్వు’, ‘మీరు’ లాగే రెండు మాటలుండేవి. ఒక్కడికి ‘దౌ’, పలువురికి ‘యే’, ‘యు’. 1611 నాటి కింగ్ జేమ్స్ బైబిల్ చదివినవాళ్ళకి తెలుసు, దేవుణ్ణి కూడా ‘దౌ ఆర్ట్’ అనే పిలుస్తారు, ‘నీవే’ అన్నట్టు. మధ్యయుగంలో ఫ్రెంచి మర్యాదల ప్రభావంతో పెద్దవాళ్ళని ఒక్కరినైనా ‘యు’ అనడం మొదలైంది, అచ్చం మన ‘మీరు’. తర్వాత మర్యాద పెరిగి పెరిగి ‘దౌ’ అంటేనే తిట్టులాగా తయారైంది, చివరికి మామూలు మాటల్లోంచి జారిపోయింది. ఇవాళ ఇంగ్లిష్‌వాళ్ళు పిల్లినీ కుక్కనీ కూడా ‘మీరు’ అనే పిలుస్తున్నారన్నమాట. ఏకవచనం పోయిందిగానీ ‘యు’ వెంట వచ్చిన బహువచన క్రియ మాత్రం దిగలేదు, ఒక్కరైనా ‘ఆర్’.

దీని మీద పెద్ద గొడవే జరిగింది. 17వ శతాబ్దంలో క్వేకర్లనే క్రైస్తవ శాఖవాళ్ళు ‘దేవుడి ముందు అందరూ సమానమే, ఒక్క మనిషిని పట్టుకుని బహువచనంలో పిలవడం అబద్ధం’ అని, జడ్జిని కూడా ‘దౌ’ అనేవారు. జడ్జిలకి ఎలా ఉంటుందో మీరే ఊహించండి, మన కోర్టులో నిలబడి ‘ఏమయ్యా నువ్వు’ అన్నట్టు. వాళ్ళ నాయకుడు జార్జ్ ఫాక్స్ ఇంకో ఇద్దరితో కలిసి 1660లో ఏకవచన, బహువచనాల మీద ఏకంగా ఓ పుస్తకమే వేశాడు, ఒక్కడికి ఏకవచనమే వాడాలి అని రకరకాల భాషల నుంచి ఉదాహరణలు పోగేసి మరీ. గెలవలేదు. తమాషా ఏమిటంటే తర్వాత తర్వాత అమెరికా క్వేకర్ల ఇళ్ళల్లోనే ‘దౌ ఆర్ట్’ మారిపోయి ‘దీ ఈజ్’, ‘దీ హ్యాజ్’ అయింది. అంటే నువ్వుకి వాడు క్రియ పెట్టడం, ‘నువ్వు వచ్చాడు’ అన్నట్టు. వ్యాకరణం కోసం అంత పోరాడినవాళ్ళ ఇంట్లో ఇదీ!

18వ శతాబ్దంలో ఇంకోటి. జనం ఒక్కరైతే ‘యు వాజ్’, పలువురైతే ‘యు వర్’ అనడం మొదలుపెట్టారు. నన్నడిగితే చాలా తెలివైన పని, పోయిన ఏకవచనాన్ని క్రియలో తిరిగి తెచ్చుకున్నారు. 1762లో రాబర్ట్ లౌత్ అనే మతాధికారి తన వ్యాకరణంలో దాన్ని ఘోరమైన తప్పని కొట్టిపారేశాడు, పెద్ద పెద్ద రచయితలు కూడా ఆ తప్పు చేస్తున్నారని ఒప్పుకుంటూనే. అమెరికాలో డిక్షనరీ రాసిన నోవా వెబ్‌స్టర్ ‘యు వాజ్’ని సమర్థించాడు. లౌత్ పక్షమే నెగ్గింది. అలా ఇవాళ ‘యు వాజ్’ అన్న పిల్లవాడికి మార్కు పోతోంది.

కాబట్టి ఒక్కరికి ‘దే ఆర్’ అనేది ఇప్పుడొచ్చిన ఫ్యాషను అని ఎవరైనా అంటే, ఒక్కరికి ‘యు ఆర్’ కూడా ఒకప్పుడు ఫ్యాషనే అని చెప్పు. ఇక ఎవరో తెలియని ఒక్కరిని ‘దే’ అనడం ఆక్స్‌ఫర్డ్ డిక్షనరీ చూపించే ఆధారం ప్రకారం 1375 నాటికే ఉంది. మీ సహోద్యోగిలా ఫలానా ఒక్కరు తమ గురించే ‘దే’ అని కోరుకోవడం కొత్త, మెరియం వెబ్‌స్టర్ డిక్షనరీ ఆ అర్థాన్ని 2019లో చేర్చింది, ఆ ఏడాది మాటగా ‘దే’నే ఎంచుకుంది.

కామెంటు, పోటీ పరీక్షలకు చదువుతున్న కుర్రాడు

అన్నా, పరీక్షలో ‘దే’ పెట్టొచ్చా మరి?

కామెంటు, మచిలీపట్నం నుంచి

ఆప్షన్లలో ‘హిజ్ ఆర్ హర్’ ఉంటే అది పెట్టు నాయనా, ఉద్యోగం వచ్చాక నీ ఇష్టం వచ్చినట్టు మాట్లాడుకో.

కామెంటు, నార్విచ్, ఇంగ్లండ్ నుంచి

నేను ఇక్కడికొచ్చి ఆరేళ్ళు. ఇది ఈస్ట్ ఆంగ్లియా ప్రాంతం. పక్కింటి పెద్దాయన ఎనభై దాటినవాడు, పుట్టి పెరిగింది ఇక్కడే, తెల్లతోలు అసలు సిసలు ఇంగ్లిష్ ముసలాయన. మొదటి వారం కంచె అవతల నుంచి వాళ్ళావిడ గురించి ‘షి గో దేర్ ఎవ్రీ ఫ్రైడే’ అన్నాడు. నేను తప్పు విన్నాననుకున్నా. ‘హి సే’, ‘దట్ రెయిన్ ఎ లాట్’, ఒక్క చోట కూడా ‘ఎస్’ లేదు. ఇక్కడి పాత యాస అదేనట, ఈ ప్రాంతంలో ‘ఎస్’ పెట్టకపోవడమే పాత పద్ధతి. ఊళ్ళో మా మాస్టారు దేనికైతే గోడకుర్చీ వేయించారో దాన్ని ఇంగ్లండులో ముసలాయన టీ తాగుతూ హాయిగా అనేస్తున్నాడు. ఆరోజు మా మాస్టారు చాలా గుర్తొచ్చారు (ప్రేమగానే).

కామెంటు, విజయవాడ నుంచి, వకీలు

‘హిజ్’ సంగతి నేను చెబుతాను, అది మా వ్యాపారం. మగ సర్వనామంలో ఆడవాళ్ళు కూడా వస్తారు అని చట్టమే రాసుకుంది. 1850లో బ్రిటిష్ పార్లమెంటు ఒక చట్టం చేసి, చట్టాల్లో మగ మాటలు ఎక్కడున్నా ఆడవాళ్ళకీ వర్తిస్తాయంది. మనకి 1897 జనరల్ క్లాజెస్ యాక్టు, సెక్షన్ 13, ఇప్పటికీ అమల్లో ఉంది: మగ మాటల్లో ఆడవాళ్ళు, ఏకవచనంలో బహువచనం, బహువచనంలో ఏకవచనం, సందర్భం అడ్డురాకపోతే అన్నీ ఒకదాంట్లో ఒకటి ఇమిడిపోతాయి. వ్యాకరణం మాస్టార్లు వింటే గుండె ఆగిపోయే సెక్షను.

రాజ్యాంగం 56వ అధికరణం తీయండి, రాష్ట్రపతి పదవీకాలం గురించి. ఇంగ్లిష్ పాఠంలో ‘హి’, ‘హిజ్ ఆఫీస్’ అని ఉంటుంది. 2007లో ప్రతిభా పాటిల్ గారు వచ్చినప్పుడూ అదే, 2022లో ద్రౌపదీ ముర్ము గారు వచ్చినప్పుడూ అదే. కాబట్టి పాప టీచరు రాసిన ‘హిజ్’ చట్టప్రకారం చెల్లుతుంది. కాకపోతే చట్టం ఇంకో మాట కూడా అంది, ‘సందర్భం అడ్డురాకపోతే’ అని. అమ్మాయిల బడిలో టిఫిన్ బాక్స్ అంటే సందర్భం గట్టిగానే అడ్డొస్తుంది, నేను ఆ కేసు వాదిస్తాను, ఫీజు కూడా అక్కర్లేదు.

కామెంటు, మచిలీపట్నం నుంచి

వకీలు గారికి ఒక కొసరు. తెలియని మనిషికి మగ సర్వనామమే వాడాలి అని ఇంగ్లిష్ వ్యాకరణంలో మొదట రాసినవాళ్ళలో ఒకరు ఆడమనిషే: 18వ శతాబ్దంలో న్యూకాజిల్‌లో బడి నడిపిన ఆన్ ఫిషర్. ఆడపిల్లలకి చదువు చెప్పిన ఆవిడే ఈ రూలు రాయడం విచిత్రం.

కామెంటు, రిటైరైన టీచరు

పాప వాళ్ళ టీచరు మీద మాత్రం కోపం పెట్టుకోవద్దండీ. ఆవిడకి కూడా ఎవరో అలాగే నేర్పారు. నేనూ మొదటి పదిహేనేళ్ళు ‘హిజ్’ అనే రాశాను, అదీ బాలికల ఉన్నత పాఠశాలలో. ఒక్క పిల్లా అడగలేదు.

కామెంటు, మొదటి పోస్టు పెట్టినవారు

అందరికీ దండాలు. నిన్న రాత్రి పాప డైరీలో టీచరు గారికి మర్యాదగా నాలుగు లైన్లు రాశాను. హ్యాజ్ మీరు దిద్దింది కరెక్టే, దెయిర్ మాత్రం ఒకసారి ఆలోచించండి అని. మేడమ్ గారు చెప్పినవన్నీ బుర్రలో పెట్టుకుని, రెండుసార్లు చదువుకుని, సంతకం పెట్టి, బ్యాగులో పెట్టమని పాపకి ఇచ్చాను. అది అక్కడే నిలబడి చదివింది. పౌచ్‌లోంచి పెన్సిల్ తీసి ఒక చోట సున్నా చుట్టింది. నేను రాసింది ‘వన్ ఆఫ్ యువర్ కరెక్షన్ ఆర్ రైట్’.

పేజీ చింపేసి మళ్ళీ రాశాను. ఈసారి తను చెబుతుంటే నేను రాశాను.